ఒక ఇత్తడి చెంచా ఎర ఆత్మకథ

వానపామునో, రొయ్యనో, పిండిముద్దనో గాలానికి గుచ్చితే అది చేప నిజంగా తినగలిగిన ఎర. తినడానికి ఏమాత్రం పనికిరాకపోయినా తన కదలికతో, మెరుపుతో, నీటిలో పుట్టించే అలజడితో ఆహారంలా భ్రమింపజేసే వస్తువును గాలానికి కడితే అది బొమ్మ ఎర, సరదాకు గాలం వేసేవారు లూర్ అని పిలుచుకునేది దీన్నే. ఈ పుటల్లో తన జీవితాన్ని చెప్పుకుంటున్నది చెంచా అనే బొమ్మ ఎరల జాతిది: ఏడు సెంటీమీటర్ల పొడవు, 18 గ్రాముల బరువు, ఒక వైపు గుంట, మరో వైపు ఉబ్బు, పై కొనలో దారం కట్టే రంధ్రం, కింది కొనలో ఉంగరం గల ఇత్తడి రేకు. తమిళనాడులోని ధర్మపురిలో, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే ఒక కుటుంబం వారి ఎరపెట్టెలో దాని ఆయుష్షు గడిచింది. తాను పట్టించిన చేపల కంటె తాను పెట్టెలో ఉండిపోయిన రోజులకే ఈ చెంచా తన కథలో ఎక్కువ చోటిస్తుంది, ఎందుకంటే ఏ నీటికి ఏ ఎర అన్న ప్రశ్నకు చాలాసార్లు అది జవాబు కాదు, ఆ సంగతి తెలిసిన చేతిలో పడటమే దానికి దక్కిన అదృష్టం.

పాత ఇత్తడి పళ్లెం నుంచి కత్తిరించిన రేకును, చెక్కదిమ్మెలో తొలిచిన పల్లం మీద పెట్టి చిన్న సుత్తితో కొడుతూ పోగా దానికి ఈ ఆకారం వచ్చింది. గుంట వైపు ఆ సుత్తి నొక్కులు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఒక్కో నొక్కు వెలుగును ఒక్కో దిక్కుకు విసురుతుంది కాబట్టి నున్నటి రేకు కంటె ఇలాంటి రేకు మెరుపు చేప పొలుసుల తళుకుకు దగ్గరగా ఉంటుంది. చెంచా ఆకారపు ఎరకు 1852లో అమెరికాలో జూలియో బ్యూయెల్ పేటెంటు పొందినప్పటి నుంచి దాని పనితీరు మారలేదు: దారం లాగుతుంటే గుంటలో పట్టుబడిన నీరు రేకును ఒక పక్కకు తోస్తుంది, ఆ పక్క అంచు నుంచి సుడి విడివడగానే రేకు రెండో పక్కకు ఒరుగుతుంది, ఇలా ఒరిగి ఒరిగి వచ్చేదాన్ని చూసిన వేటచేపకు అది గాయపడి తడబడుతున్న చిన్న చేప. రేకు దళసరిగా, సన్నగా ఉంటే దూరం పడి త్వరగా మునుగుతుంది, పలుచగా, వెడల్పుగా ఉంటే నెమ్మదిగా, పెద్దగా ఊగుతుంది. ఈ చెంచా మొదటి రకానిది, అంటే పారే నీటికీ లోతుకూ పుట్టినది, చెరువు గట్టున నాచులో పనికిరానిది.

ధర్మపురి చుట్టుపక్కల గాలానికి దొరికేది ఎక్కువగా చెరువు నీరే, అందులో బొమ్మ ఎరకు తగిన చేప కొర్రమీను. అమెరికా గాలగాళ్లు ప్రాణం పెట్టే పెద్దనోటి బాస్‌కూ దీనికీ చుట్టరికం లేకపోయినా నడవడి ఒకటే: రెండూ తరిమి వేటాడేవి కావు, ఆకుల నీడలోనో, మునిగిన మొద్దు పక్కనో కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చినదాని మీద ఒక్క ఉదుటున పడేవి. తేడా ఊపిరిలో ఉంది. కొర్రమీను మొప్పల పైన గాలిని పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉండటం వల్ల అది మాటిమాటికీ నీటి పైకి వచ్చి గుటక వేసి పోతుంది, అందుకే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయే ఎండాకాలపు మడుగుల్లో కూడా చురుకుదనం పోగొట్టుకోదు, అందుకే నీటి పైన కదిలే ఎర దానికి సహజంగా కనిపిస్తుంది. పెట్టెలో చెంచా పక్కన పడుకునే రబ్బరు కప్ప ఈ చేప కోసమే: లోపల బోలు, రెండు కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కనుక తామరాకు మీదా, గుర్రపుడెక్క మీదా ఎక్కడా తగులుకోకుండా జారుతుంది, చేప నోట నొక్కినప్పుడు మాత్రమే ఒళ్లు అణిగి కొక్కేలు బయటపడతాయి. ఇంటి చిన్నపిల్ల ఒకసారి "తాతా, చెంచా వేద్దామా?" అని అడిగితే "వద్దమ్మా, ఆకుల్లో చెంచా వేస్తే ఆకే వస్తుంది, కప్పను తియ్యి" అని ఆయన చెప్పిన మాటలో ఈ విద్య సగం ఉంది. కప్ప ఆకు అంచుకు వచ్చి ఆగినచోట నీరు కొద్దిగా ఉబ్బింది, ఆకు కాడలు వణికాయి, మరుక్షణం ఆకు చిరిగిన చప్పుడుతో కప్ప మాయమైంది; అప్పుడు కర్ర ఎత్తకుండా, కప్ప పూర్తిగా నోట్లోకి పోయేవరకు ఊపిరి బిగబట్టి ఆగటమే ఆ పిల్ల నేర్చుకున్న మొదటి పాఠం.

ఈ చెంచా వంతు నీటి రంగును బట్టి వచ్చేది. ఎర్ర కాంతిని నీరు ముందుగా పీల్చుకుంటుంది కాబట్టి తేట నీటి లోతులో ఎర్ర ఎర నల్లబడిపోతుంది. బురద నీటిలో ఇందుకు భిన్నంగా నీలి కాంతి ముందుగా అణిగి, పసుపు, నారింజ ఛాయలు ఇంకాస్త దూరం నిలుస్తాయి. వెండి రేకు తేట నీటికి, ఇత్తడి, రాగి రేకులు కలక నీటికి అన్న గాలగాళ్ల వాడుకకు ఇదే ఆధారం. నీరు మరీ చిక్కబడితే రంగుల లెక్క ఉండదు. చేప ఒంటి పక్కల తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ, అంటే దగ్గరి నీటి కదలికను పసిగట్టే సూక్ష్మ రంధ్రాల వరుస, అప్పుడు కంటికి బదులు పనిచేస్తుంది, కాబట్టి లాగుతుంటే గిర్రున తిరుగుతూ నీటిని గట్టిగా కదిలించే తిరుగుడు రేకు అనే బొమ్మ ఎర మేలు. మసక వెలుతురులో చేప కింద నుంచి పైకి చూస్తుంది గనుక ఆకాశం మీద స్పష్టంగా కనిపించే నల్లటి ఎర మేలు. డిసెంబరు, జనవరి చలి ఉదయాల్లో చేప ఒళ్లు నీటితోపాటు చల్లబడి మందగిస్తుంది, అప్పుడు ఏ ఎరనైనా నెమ్మదిగా లాగాలి.

నీటి తేటదనాన్ని కొలిచే సాధనం కావడమే చెంచాకు దక్కిన గొప్ప గౌరవం. ఇటలీ దేశపు మతాచార్యుడు, ఖగోళ శాస్త్రవేత్త అయిన ఆంజెలో సెక్కి 1865లో తెల్లటి పళ్లేన్ని మధ్యధరా సముద్రంలోకి దించి, అది కంటికి కనిపించకుండా పోయే లోతును నీటి తేటదనానికి కొలతగా తీసుకున్నాడు. ఆ పిల్ల తాత అయిన ధర్మపురి పెద్దాయన ఆ పద్ధతినే తన అవసరానికి మలుచుకుని, ఎర ఎంచుకునే ముందు ఈ చెంచాను దారంతో నీటిలోకి వదిలి అది మాయమైన చోట దారాన్ని వేలితో పట్టుకునేవాడు. కప్ప గెలిచిన రోజుల్లో కూడా నీటిలో ముందుగా మునిగింది చెంచాయే అన్నమాట.

దాని యౌవనం కావేరిది. చిన్నారు వచ్చి కలిసే హొగెనకల్ దగ్గర కావేరి రాతి మధ్య చీలికలుగా దూకుతుంది. నైరుతి వానలు కర్ణాటకలో కురిసినప్పుడు ఎర్రగా పొంగి, ఎండాకాలంలో రాళ్ల మధ్య తేట మడుగులుగా మిగులుతుంది. వరద తీసి నీరు తేరుకుంటున్న ఆ కొద్ది కాలమే ఇత్తడి చెంచాకు తగిన కాలం, పుట్టిలో కూర్చుని సుడి అంచుకు దాన్ని విసిరితే ఎదురుచూసేది మహశీర్ కోసం. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో వెలువరించిన 'ది రాడ్ ఇన్ ఇండియా' ఈ చేపను ఇంగ్లండు వారి సాల్మన్‌కు మించినదిగా నిలబెట్టింది. 1946లో కావేరి ఉపనది కబినిలో, మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబీకుడొకరు పట్టినది 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. అంతటి చేపకు శాస్త్రీయంగా ఏ పేరు చెల్లుతుందో 2018 వరకు తేలలేదు. కావేరి పరీవాహకంలో తప్ప మరెక్కడా లేని ఆ మూపురపు మహశీర్ 'టోర్ రెమాదేవీ' అని ఆ ఏడు పరిశోధకులు నిర్ధారించారు, అదే ఏడు అది అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో చేరింది. పేరు దొరికేనాటికే చేప కరువైంది. 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట లాంటి కట్టడాలు ప్రవాహాన్ని ముక్కలు చేశాయి, నదిలో సాగిన డైనమైటు వేట గుంపులకు గుంపులను తుడిచిపెట్టింది, బయట హేచరీల్లో పెంచి వదిలిన నీలిరెక్కల మహశీర్ దాని చోటును ఆక్రమించింది. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం ఏర్పడకముందే పెద్దాయన చెంచాను నది నుంచి విరమింపజేశాడు. సరైన ఎర ఎంచుకోవడం చేప ఉనికిని లెక్కలోకి తీసుకోకుండా పూర్తి కాదని ఈ చెంచా గట్టిగా నమ్ముతుంది, తాను పట్టించని మహశీర్ గురించి దానికి చింత లేదు.

చెరువులో కూడా ఆ లెక్క ఉంది. కొర్రమీను జంట తమ ఎర్రటి పిల్లల గుంపును నీటి పైభాగంలో ముద్దగా తిప్పుతూ కాపలా కాస్తుంది, ఆ సమయంలో తల్లిదండ్రులు ఆకలితో కాదు, కోపంతో ప్రతి ఎర మీదా పడతాయి, కాబట్టి పట్టడం అతి తేలిక. ఒక్క పెద్ద చేపను లాగేస్తే కాసేపటికే పిల్లల ముద్దను మిగతా చేపలు తినేస్తాయి. నీటి మీద ఆ ఎర్ర ముద్ద కనిపిస్తే పెట్టె మూత తెరవకూడదన్నది ఇంటి కట్టుబాటు.

కొన్నేళ్ల క్రితం చెంచా కింది ఉంగరం నుంచి మూడు ముళ్ల కొక్కేన్ని తీసి, ఎదురుముల్లు, అంటే పట్టిన చేపను జారనివ్వని, వెనక్కి తిరిగిన మొన, శ్రావణంతో నొక్కేసిన ఒంటి కొక్కేన్ని పెట్టారు. తరువాత అదీ తీసేశారు. ఇప్పుడు పిల్ల తాతను అడగదు. పాలక్కోడు వైపు పంచపల్లి జలాశయం గట్టున కొక్కెం లేని చెంచాను తానే దించి, మూర లోతు లోపలే మాయమైతే తిరుగుడు రేకును, అంతకు మించి కనిపిస్తే చేప ఆకారపు కొయ్య ఎరను, ఆకులు కప్పిన చోట కొలత ఏదైనా కప్పను తీస్తుంది.