పళ్ల మూట

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డా, చెరుకు మీద మమకారం పోని ఊరు. నేను అక్కడి ఒక పిల్ల పై దవడలో, కోరపన్ను దిగే దారికి అడ్డంగా పుట్టాను. పిల్లకు 13 ఏళ్లొచ్చినా ఆ వైపు పాలపన్ను ఊడలేదు, కోరపన్ను రాలేదు. చిగురు కాస్త ఉబ్బింది. నొప్పి మాత్రం లేదు.

"చెరుకు నమిలి నమిలి పన్ను పిప్పయింది" అన్నది నానమ్మ.

నమిలి ఉమ్మిన చెరుకూ పిప్పే, పుచ్చిన పన్నూ పిప్పే. నేను మాత్రం ఏ పిప్పినీ కాను. తీపికీ నా పుట్టుకకూ సంబంధం లేదు. పన్నును కట్టే కణజాలమే లెక్క తప్పి, బియ్యపు గింజలంత పళ్లను 19 కట్టి, ఒక సంచిలో మూటగట్టింది. ప్రతి గింజలోనూ ఎనామిల్, డెంటిన్, లోపల గుజ్జు, అన్నీ వాటి వాటి చోట్లోనే ఉన్నాయి. నిజామాబాద్‌లో ఎక్స్‌రే తీస్తే నల్లని అంచు మధ్య తెల్లని గింజల గుంపులా కనిపించాను. డాక్టర్లు నాకు పెట్టిన పేరు కాంపౌండ్ ఓడోంటోమా.

మా వంశంలో నేను చిన్నదాన్నే. 2014లో ముంబై జేజే ఆస్పత్రిలో 17 ఏళ్ల కుర్రాడి దవడ నుంచి 232 పళ్లు తీశారు. 2019లో చెన్నైలో ఏడేళ్ల బాబుకు 526!

నా దాయాది అమెలోబ్లాస్టోమా తీరు వేరు. పేరులో ఎనామిల్ కట్టే కణం ఉంది గానీ, చిటికెడు ఎనామిల్ కట్టడం దానికి చేతకాదు. ఎక్కువగా కింది దవడ వెనక చేరి, ఎక్స్‌రేలో సబ్బు నురగలా కనిపిస్తుంది. క్యాన్సర్ కాకపోయినా ఎముకను తొలిచేస్తుంది. గీకి వదిలేస్తే మళ్లీ వస్తుంది. అందుకే తరచూ చుట్టూ ఉన్న మంచి ఎముకనూ కొంత కలిపి కోస్తారు. నేను కొంత పెరిగి ఆగిపోతాను. పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం అరుదు.

నన్ను తీసిన రోజు చిగురుకు మత్తిచ్చి, ఎముకలో చిన్న కిటికీ తెరిచి, ఒక్కో గింజా ఏరి పళ్లెంలో పెట్టారు. నానమ్మ వంగి చూసింది. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరిన చెయ్యి అది.

"ఇవన్నీ ఇంటి మీదికి ఇసరాల్నా సారూ?"

"వద్దమ్మా, ఇవి పరీక్షకు పంపాలె."

మేం 19 మందిమీ ఫార్మలిన్ సీసాలోకి దిగాం. మాతోపాటు పీకిన పాలపన్ను ఒక్కటే నానమ్మ కొంగుముడిలో బోధన్ వెళ్లింది.