ఒకటిన్నర చక్రం ఖరీదు

నా స్విఫ్ట్ ఇంకా వీధి మలుపు తిరగకముందే మా ఆవిడ స్టవ్ మీద టీ పెట్టేస్తుంది. అంత దూరం నుంచే వినపడుతుంది మరి. సైలెన్సర్ మార్పించిన మొదటిరోజు పక్కింటి తాతగారు బనీనుతోనే గేటు దాకా వచ్చి, "బోరు వేయిస్తున్నారా బాబూ? ఎన్ని అడుగులకి పడింది?" అని అడిగారు.

ఈ పిచ్చి నాకు హుస్సేన్ సాగర్ గట్టున అంటుకుంది. 2023 ఫిబ్రవరి 11న అక్కడ ఫార్ములా ఈ పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. మామూలు రోజుల్లో మనం పిల్లల్ని ఎక్కించుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ నత్తనడకన వెళ్లే రోడ్డు అది. ఆ రోజు ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవన్నీ కరెంటు బళ్లు. ఎంత వేగంగా పోతున్నా సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది తప్ప పెద్ద చప్పుడుండదు. అలా చప్పుడు చేయకుండా పరిగెత్తే బళ్లని కళ్లారా చూసొచ్చి నేను చేయించిన మొదటి పని, సైలెన్సర్ పీకించి చప్పుడు చేసే గొట్టం బిగించడం. నా తెలివి ఏపాటిదో ఇంట్లోవాళ్లు అక్కడే పట్టుకుని ఉండాల్సింది.

గ్యారేజీ కుర్రాడు బానెట్ ఎత్తి లోపలికి చూసి, ఆసుపత్రిలో పెద్ద డాక్టరులా నిట్టూర్చాడు. "ఇంజన్ మస్తుందన్నా. కానీ గాలి పీల్చనిస్తలేరు దాన్ని." పాపం, 2018 నుంచీ నా బండి ఉబ్బసంతో బతుకుతోందని అప్పుడు తెలిసింది. వెంటనే డబ్బా ఫిల్టరు తీసేసి కోన్ ఫిల్టరు పెట్టాం. తర్వాత రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటరులోని లెక్కలు మార్చడం. తర్వాత 15 అంగుళాల చక్రాలు తీసి 17 అంగుళాల అల్లాయ్‌లు. తర్వాత బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు. వెనకాల ఒక రెక్క. బానెట్ మీద రెండు నల్ల చారలు. ఆఖరున, బ్రేకుల్ని కూడా పట్టించుకోవాలి కదా అని, వాటికి ఎర్రరంగు వేయించాం. మొత్తం లక్షా డెబ్బై రెండు వేలు.

ఆ డబ్బుకి ఏమొచ్చిందో తర్వాత తెలుసుకున్నాను. కోన్ ఫిల్టరు బానెట్ కింద మరుగుతున్న వేడిగాలినే పీలుస్తుంది. ఇంజన్‌కి కావలసింది చల్లగాలి. టర్బో లేని నాలాంటి బండికి రీమ్యాప్ చేస్తే పెరిగే బలం, మేడ మీదికి ఒక బిందె తక్కువ మోసినంత. పెద్ద చక్రాలు పాతవాటికంటే బరువు, కాబట్టి వాటిని తిప్పడానికి ఆ పెరిగిన బిందెడు బలమూ సరిపోయింది. అంటే నేను లక్షా డెబ్బై రెండు వేలు పోసి బండిని మొదట ఎక్కడుందో సరిగ్గా అక్కడికే తెచ్చాను. చప్పుడొక్కటే లాభం.

పొట్టి స్ప్రింగుల సంగతి వేరే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పూ 10 సెంటీమీటర్ల ఎత్తూ ఉన్న నున్నటి గూని. మా కాలనీ సంఘం వారు ఆ పుస్తకం చదవలేదు. మావి ఎత్తులో సమాధుల్లా, వెడల్పులో గోడల్లా ఉంటాయి. వాటిని చూడగానే నేను మా ఆవిణ్ని దించేసి, బండిని ఏటవాలుగా తిప్పి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత నెమ్మదిగా దాటించేవాణ్ని. ఆవిడ వెనకాల సంచీ పట్టుకుని నడిచొచ్చేది. మా వీధిలో మూడు స్పీడ్ బ్రేకర్లు. మూడోదాని దగ్గర ఆవిడ ఎక్కడం మానేసి ఇంటికే నడిచిపోయేది, నాకంటే ముందే చేరేది.

ఇక రెక్క. గాలి దాన్ని కిందికి నొక్కి వెనక చక్రాల్ని రోడ్డుకి అతికిస్తుందట. స్విఫ్ట్‌ని లాగేవి ముందు చక్రాలు. పైగా కూకట్‌పల్లి రద్దీలో నా వేగానికి గాలి కాదు కదా, దోమలు కూడా నొక్కవు. మా ఆవిడ మాత్రం రెక్కకి ఒక ప్రయోజనం కనిపెట్టింది. రైతుబజారు నుంచి వచ్చినప్పుడు కొత్తిమీర కట్టలు దాని మీద పేర్చి, ఖాళీ చేతులతో డిక్కీ తీసేది.

బీమా పాలసీ మార్చడానికొచ్చిన ఏజెంటు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి చల్లగా చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టానికి మార్చకూడదట. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా అన్నదట. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా రాసి ఉందట, ఆరు నెలల జైలు దాకా కూడా పోవచ్చట. "మీవెన్ని సార్?" అని వేళ్లు మడవడం మొదలెట్టాడు. రెండో చేతికి రాబోతుండగా నేను కాఫీ తెమ్మని లోపలికి కేకేశాను.

ఇదంతా ఫోనులో విని మద్రాసులో ఉండే మా మేనల్లుడు నవ్వలేదు. వాడు నవ్వకపోతేనే నాకు భయం. "మావయ్యా, బండికి లక్షన్నర పైన పెట్టావు, సరే. నడిపేవాడికి ఎంత పెట్టావు?" అన్నాడు.

ఆలోచించాను. ఇరవై రెండేళ్ల కిందట డ్రైవింగ్ స్కూలుకి పదిహేను రోజుల ఫీజు కట్టాను. ఆ గురువుగారి కాళ్ల కింద వేరే క్లచ్చూ బ్రేకూ ఉండేవి కాబట్టి, ఆ పదిహేను రోజులూ బండి నడిపింది ఆయనే. నేను స్టీరింగు పట్టుకుని చూస్తుండేవాణ్ని. తర్వాత ఆర్టీఓ గ్రౌండులో ఒక ఎనిమిది వేశాను. నా చదువు అంతటితో సమాప్తం. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను మాట అని ఊరుకోలేదు, ఏ పాపమూ ఎరగని మద్దెలకి కొత్త తోలు, కొత్త పట్టీలు, వెనకాల ఒక రెక్క కూడా పెట్టించాను.

మేనల్లుడే ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకులో ఒకరోజు శిక్షణకి నా పేరు రాయించాడు. ఫీజు, నాకు అలవాటైన కొలతలో చెప్పాలంటే, ఒకటిన్నర అల్లాయ్ చక్రం. మా ఆవిడ అడ్డు చెప్పలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై నుంచి అదే రోడ్డున ఇంకాస్త ముందుకెళ్తే కంచి అని ఆవిడ మ్యాపులో అప్పటికే చూసుకుంది.

ఆ ట్రాకు 1990లో మొదలైంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడికి తెల్లవారుజామున బోరుబండిలా మోగుతూ చేరాను. మిగతా విద్యార్థులు తెచ్చినవన్నీ కంపెనీ బళ్లే. ఒకాయన వ్యాగన్ ఆర్‌లో వచ్చాడు. వెనక అద్దానికి పిల్లలు అంటించిన చోటా భీమ్ స్టిక్కరు కూడా ఉంది. ఆయన్ని చూసి జాలిపడ్డాను. ఆ జాలిని మధ్యాహ్నానికి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

శిక్షకుడికి పాతికేళ్లుంటాయేమో. తమిళ యాసలో చక్కటి తెలుగు. ప్రతి చీవాటుకీ ముందొక 'సార్', వెనకొక 'సార్'. మొదటి అరగంట బండి స్టార్ట్ చేయనివ్వలేదు. "సార్, మొదట కూర్చోవడం నేర్చుకుందాం సార్."

నలభై ఆరేళ్లొచ్చాక ఒకడికి కూర్చోవడం నేర్పడం ఏమిటని రోషం వచ్చింది. కానీ నిజం. నేను పడక కుర్చీలో పేపరు చదువుకునేవాడిలా వెనక్కి వాలి, ఒక చెయ్యి గేరు మీద, ఇంకో చెయ్యి స్టీరింగు నెత్తిన పెట్టి నడుపుతాను. అతను సీటు ముందుకి జరిపాడు. వీపు సీటుకి ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగు పైఅంచు మీదికి రావాలి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట. అలా కూర్చోగానే ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా బానెట్ చివర ఎక్కడుందో కనిపించింది. నల్ల చారలు వంకరగా వేశారన్న సంగతి కూడా అప్పుడే కనిపించింది.

తర్వాత బ్రేకు. వేగంగా వెళ్లడం నేర్పిస్తారని వస్తే, పొద్దున్నంతా ఆగడమే నేర్పించారు. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న బండి అరవైలో ఉంటే పద్దెనిమిది మీటర్లలో నిలబడుతుంది. నూట ఇరవైలో డెబ్బై రెండు మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు దొర్లిపోయే దూరం దీనికి అదనం. కాగితం మీద ఇది ఎనిమిదో తరగతి లెక్క. ఎనభైలో వెళ్తూ, ఎదురుగా నారింజరంగు కోన్లు పెరుగుతూ వస్తుంటే మాత్రం లెక్క గుర్తుండదు.

"తొక్కండి సార్!" తొక్కాను. కోన్లు రెండు ఎగిరాయి. "సార్, పెడల్ కింద కోడిగుడ్డు పెట్టారా సార్?" రెండోసారి నిజంగానే తొక్కాను. పాదం కింద గడగడమని ఏదో విరిగినట్టయింది. బెదిరి కాలు తీసేశాను. ఇంకో మూడు కోన్లు. విరిగిందేమీ లేదట, అది ఏబీఎస్. టైరు బిగుసుకుపోకుండా బ్రేకుని పడుతూ వదులుతూ ఉంటుంది, అందుకే ఆ కొట్టుకోవడం. అది కొట్టుకుంటున్నంతసేపూ కాలు అలాగే నొక్కి ఉంచి, స్టీరింగు తిప్పి పక్కకి తప్పుకోవచ్చు కూడా. కొన్నప్పటి నుంచీ నా బండిలో ఉన్న, నేను పైసా అదనంగా పెట్టని ఆ సొత్తుని మొదటిసారి పలకరించాను.

మలుపుల దగ్గర ఇంకో అవమానం. టైరు రోడ్డుని పట్టుకునే చోటు అరచేయంత. ఆ కాస్త పట్టునే బ్రేకూ, మలుపూ పంచుకోవాలి. రెండూ ఒకేసారి నిండుగా కావాలంటే దొరకవు, నెలాఖరు జీతంలాగే. అందుకని తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు పని ముగించి, నెమ్మదిగా మలుపులోకి వెళ్లి, బయటికి వచ్చేటప్పుడు వేగం పెంచాలి. నేనేమో అరుచుకుంటూ లోపలికి దూకి, ముందు టైర్లు జారుతుంటే స్టీరింగు ఇంకా ఇంకా తిప్పేవాణ్ని. బండి మాత్రం నా మాట వినకుండా తిన్నగా గడ్డిలోకి నడిచేది. "తిప్పింది తగ్గించండి సార్, కాలు కాస్త తేలిక చేయండి సార్." తగ్గిస్తే తిరిగింది. ఎక్కువ తిప్పితే తిరగనిది, తక్కువ తిప్పితే తిరగడం నాకిప్పటికీ కాస్త మింగుడుపడదు.

"ఎటు వెళ్లాలో అటు చూడండి, దేన్ని తప్పించుకోవాలో దాన్ని చూడకండి" అన్నాడు. ఇది నాకు తెలుసు. మా ఊళ్లో అద్దె సైకిలు నేర్చుకునేటప్పుడు, అంత పెద్ద మైదానంలో ఉన్న ఒకే ఒక్క పెంటదిబ్బని చూస్తూ చూస్తూ తిన్నగా అందులోకే వెళ్లాను. నలభై ఏళ్ల తర్వాత కూడా కోన్లనే చూస్తున్నాను. మారింది దిబ్బ ఒక్కటే.

మధ్యాహ్నం టైము పెట్టారు. నా చుట్టు రెండు నిమిషాల యాభై రెండు సెకన్లు. వ్యాగన్ ఆర్ ఆయనది నాకంటే నాలుగు సెకన్లు తక్కువ, చోటా భీమ్‌తో సహా. తర్వాత శిక్షకుడు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నా బండినే, ఆ రెక్కతో, ఆ బరువు చక్రాలతో తీసుకెళ్లాడు. రెండు నిమిషాల ముప్పై ఒకటి. అంతసేపూ స్టీరింగు కదిలిందో లేదో అన్నట్టుంది. టైర్లు కీచుమనలేదు. అమ్మమ్మ కవ్వం తిప్పినట్టు, ఏ తొందరా లేదు. ఆ 21 సెకన్లూ ఏ గ్యారేజీలో అమ్ముతారని అడగబోయి ఊరుకున్నాను. కోయంబత్తూరు నుంచి వెళ్లి 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా కుర్రతనంలో ఫ్రాన్సు వెళ్లి విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో నేర్చుకొచ్చినవాడే. ఆయన సైలెన్సరు మార్పించుకోవడంతో మొదలెట్టినట్టు నేనెక్కడా చదవలేదు.

మళ్లీ నా వంతు వచ్చింది. నాలుగో చుట్టులో బ్రేకు పెడల్ పచ్చి మైసూర్ పాక్‌లా మెత్తగా లోపలికి దిగింది. భయపడి లోపలికి తెచ్చి హ్యాండ్ బ్రేకు లాగబోతే అతను పరిగెత్తుకొచ్చాడు. "వేయకండి సార్! వేడి మీద పట్టేస్తుంది. గేర్లో వదిలేయండి సార్." బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాడు. అది మారుస్తారని నాకు తెలియదు. ఏళ్ల తరబడి అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. బాగా వేడెక్కితే మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు మనం తొక్కేది బ్రేకుని కాదు, బుడగల్ని. సాయంత్రం అక్కడే మార్పించాను. కొన్ని వందలు అయింది. అతని సలహా ప్రకారం నా బండికి చేయాల్సిన మార్పులు అప్పటికి ఆ ఒక్కటే. ఆ తర్వాత కావాలంటే మంచి టైర్లు. మిగతావి ఏం చేయాలని అడిగితే మర్యాదస్తుడు, రెక్క వైపు చూసి, "డ్రయింగ్‌కి బాగుంటుంది సార్" అన్నాడు. మా ఆవిడ చున్నీ దాని మీద ఆరుతోంది.

మర్నాడు కంచిలో వరదరాజస్వామి దర్శనం, రెండు చీరలు. చీరల ధర చక్రాల్లో లెక్కవేసుకున్నాను, పైకి చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కావలి దాటాక, డివైడరు మీది గన్నేరు చెట్ల మధ్య నుంచి ఒక గేదె రోడ్డు మీదికి దిగింది. నేను తొంభైలో ఉన్నాను. మామూలుగా అయితే హారను కొట్టి, దాని ముఖంలోకే చూస్తూ, తిన్నగా దాని మీదికే వెళ్లేవాణ్ని. కళ్లు అద్దంలోకి వెళ్లొచ్చాయి, వెనక ఎవరూ లేరు. కాలు కోడిగుడ్డుని మరిచిపోయింది. పాదం కింద గడగడ మొదలైంది, కాలు తీయలేదు. చీరల సంచీ వెనక సీట్లోంచి కింద పడింది. గేదెకి ఇరవై అడుగుల ఇవతల బండి నిలబడింది. అది మావైపు ఒకసారి చూసి, నమలడం పూర్తిచేసి, దారిన పోయింది.

మా ఆవిడ గుండె మీద చెయ్యి తీసి, వెనక్కి తిరిగి అద్దంలోంచి చూసింది.

"పోన్లెండి, ఇన్నాళ్లకి ఆ రెక్క పనికొచ్చింది" అంది.

నేను మాట్లాడలేదు. లక్షా డెబ్బై రెండు వేలలో దాని వాటా పద్నాలుగు వేలు. మా ఇంట్లో దానికి దక్కిన మొదటి మంచిమాట అది. మొదటి గేరు వేసి బండి కదిలించాను.