ఫెర్న్‌కు మూడు జిల్లాల వైద్యం

ఫెర్న్‌కు కావలసినవి నీడ, తేమ, చల్లదనం. వనపర్తిలో మే నెలలో ఈ మూడూ మనుషులకే దొరకవు. అయినా మా ఇంటామె హాల్లోకి ఒక బోస్టన్ ఫెర్న్ తెచ్చింది. ఇంటికి పచ్చదనం వస్తుందంది. వచ్చింది, వెంట పిండినల్లినీ తెచ్చుకుంది.

ఈ పురుగుకు తొందరనేది లేదు. ఒంటి మీద తెల్లటి మైనపు పిండి కప్పుకుని, కాడల సందుల్లో కూర్చుని రసం పీలుస్తుంది. ఎక్కువైన తీపిని జిగటగా బయటికి వదులుతుంది. ఆ తీపికి చీమలు చేరతాయి. చీమలు పిండినల్లిని తినవు సరికదా, దాన్ని తినడానికి అక్షింతల పురుగు వస్తే తరిమికొడతాయి. మొత్తానికి మా హాల్లో ఒక డెయిరీ నడుస్తోంది. అద్దె మాత్రం ఎవరూ కట్టడం లేదు.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలయ్యాయి. మా చుట్టాలు మాత్రం ఇప్పటికీ ఉమ్మడి జిల్లాగానే సలహాలిస్తారు.

ముందు గద్వాల నుంచి మేనమామ దిగాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నడిగడ్డలో పత్తి విత్తనం పండిస్తాడు. మొగ్గ మొగ్గనూ చేత్తో వలిచి, మగపూల పుప్పొడి అద్ది విత్తనం కట్టించే పని అది. ఆకు కింద ఏముందో అంత దగ్గరగా చూసేవాళ్ళు తక్కువ. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి కాయ తొలిచే పురుగుల కోసం పుట్టింది, రసం పీల్చే పురుగులకు అది లెక్కే కాదు. అందుకే పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి అంటే మామకు పాత పగ. మా కుండీ చూడగానే ముఖం వెలిగిపోయింది.

"గిదేం పెద్ద పని అల్లుడా? ఒక డబ్బ తెస్త. పంపుల పోసి కొడితే గంతే."

"మామా, ఇది హాలు. ఈడనే తింటం, ఈడనే పండుకుంటం."

"అయితే రెండు దినాలు మీరంత మా ఊరికి రాండ్రి. ఇంట్ల మొక్కొక్కటే ఉంటది."

మొక్క కోసం మేం ఇల్లు ఖాళీ చేయాలన్నమాట! వద్దన్నందుకు మామ అలిగాడు. పొలం మందు ఇంట్లో కొట్టకూడదన్నది సరే, అసలు ఫెర్నే మందుకు తట్టుకోదు. దాని ఆకు సున్నితం. ఘాటైన మందే కాదు, నూనె, సబ్బునీళ్ళు కాస్త ఎక్కువైనా మాడిపోతుంది. పురుగు చచ్చిందా లేదా అని చూసేలోపు మొక్క చచ్చిపోతుంది.

నాగర్‌కర్నూల్ అక్క వేపనూనె సీసాతోనే వచ్చింది. ఒక ఆకు మీద కొట్టి, కొన్ని రోజులు చూసి తర్వాత మిగతావాటి సంగతి చూద్దామంటే, "తమ్మీ, రోగమొచ్చినోనికి కూడ గట్లనే ఒక్క కాలికి మందిస్తవా?" అంది. జవాబు వెతుక్కునేలోపు ఆకు తిరగేసింది. ఆకు నడిమి ఈనెకు రెండు వైపులా గోధుమరంగు చుక్కలు, వరసగా.

"వామ్మో, ఎన్ని గుడ్లు పెట్టినయో!" అని గోటితో గీకడం మొదలుపెట్టింది.

అవి గుడ్లు కావు, సిద్ధబీజాల గుంపులు. పువ్వూ కాయా లేని ఫెర్న్‌కు విత్తనాల బదులు అవే. ఫెర్న్ మీద గోధుమరంగు బొడిపెల్లా అతుక్కునే పొలుసు పురుగు కూడా ఉంటుంది, నిజమే. కానీ దానికి క్రమశిక్షణ ఉండదు. కాడ మీదా ఆకు మీదా ఇష్టమొచ్చిన చోట కూర్చుంటుంది. పురుగులను చంపడానికొచ్చిన మా అక్క, పురుగులను వదిలేసి ఫెర్న్ వంశాన్ని గీకి పారేసింది.

అయినా పురుగుకూ ఫెర్న్‌కూ ఈ ముడి ఇప్పటిది కాదు. 1829 ప్రాంతంలో లండన్‌లో నాథానియెల్ వార్డ్ అనే డాక్టరు మాత్ పురుగు రెక్కలతో బయటికొస్తే చూద్దామని, దాని ప్యూపాను తడిమట్టితో సీసాలో పెట్టి మూశాడు. ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. మొక్కలను అద్దాల పెట్టెల్లో పెంచడం దాని తర్వాతే ఊపందుకుంది. ఆయన పురుగు కోసం చూస్తే ఫెర్న్ వచ్చింది. మేం ఫెర్న్ కోసం చూస్తే పురుగు వచ్చింది.

చివరికి పనికొచ్చింది మామ పత్తే. దూదిని స్పిరిట్‌లో ముంచి, ఆకుకు వీలైనంత తగలకుండా పిండినల్లికి మాత్రం అద్దాం. బాగా పట్టిన కాడలను మొదలుకంటా కోసేశాం. కుండీని మిగతా మొక్కలకు దూరంగా, కూలర్ గాలి నేరుగా తగలని చోట పెట్టాం. పొడి వేడి ఎర్రనల్లికి పండగ కాబట్టి ఆకుల మీద నీళ్ళు చల్లుతూ తేమ ఉంచుతున్నాం. ఎర్రనల్లి లెక్కప్రకారం పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ళ సాలీడు బంధువు. ఆ సంగతి మామకు చెబితే "కాళ్ళు లెక్కవెట్టి మందు కొడ్తమా?" అన్నాడు.

మీ ఇంట్లో బోస్టన్ ఫెర్న్ ఉంటే ఒకసారి ఆకు తిరగేసి చూడండి. చుక్కలు వరసగా ఉంటే వాటి జోలికి పోకండి. చిందరవందరగా ఉంటే దూది అందుకోండి. రెండిట్లో ఏదైనా మా మామకు మాత్రం చెప్పకండి, ఆయన పంపు ఇంకా మా వరండాలోనే ఉంది.