అమ్మ ఆసు, నా తెర

నేను డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌ను. 1982లో బ్రిటన్‌లో పుట్టిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వంశంలో, లైసెన్స్ మీద మన దేశంలో తయారైన కంప్యూటర్‌ను. ఆలేరులో ఒక పద్మశాలి ఇంట్లో, మగ్గం గుంట పక్కన స్టూలు మీద నా కాపురం. పట్నంలో చదివే ఆ ఇంటి కొడుకు నన్ను పాతదిగా కొని సెలవులకు తెచ్చాడు. టీవీ నా కన్ను, టేప్ రికార్డర్ నా జ్ఞాపకం.

వచ్చిన వారంలోనే ఇక్కత్ చీర కొంగులోని బొమ్మ ఒకటి అమ్మకు తెర మీద చూపిస్తానన్నాడు. నా తెరకు అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. మొత్తం 49,152. బేసిక్ భాషలో ఒక్కో చుక్కకూ లెక్కగట్టి పెడుతుంటే పొయ్యి మీద అన్నం ఉడికింది గానీ బొమ్మ సగం కూడా కాలేదు.

"గింత మెల్లగైతే ఎట్ల బిడ్డా?" అంది అమ్మ, ఆసు పోస్తూనే.

ఆ మాట నన్ను గుచ్చింది. నా జెడ్80 ప్రాసెసర్ సెకనుకు 35 లక్షల టిక్కులు కొడుతుంది. చేతగాక కాదు, చేసిన లెక్కనే మళ్లీ మళ్లీ చేయడంతో ఆలస్యం. పైగా నా తెర వరుసలు మెమరీలో వరుసగా ఉండవు. మొదటి వరుస పక్కన తొమ్మిదోది ఉంటుంది. ప్రతి చుక్కకూ చోటు వెతుక్కోవాల్సిందే.

ఆ రాత్రి అతను అమ్మ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. అర్ధచంద్రంలా మేకులు, వాటి చుట్టూ పేక దారం తిప్పడమే ఆసు పోయడం. ఆసు పోశాక కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఇక మగ్గం మీద నాడె ఏ లెక్కా చేయదు. ఎక్కడ ఎరుపో ఎక్కడ తెలుపో దారమే మోసుకొస్తుంది.

మర్నాడు నాలోనూ ఆసు పోశాడు. 192 వరుసల చిరునామాలూ ముందే లెక్కగట్టి 384 బైట్ల పట్టీలో దాచాడు. చుక్క చుక్కా పెట్టడం మాని ఎనిమిదింటిని ఒకే బైటుగా దించాడు. తెరను చదివే చిప్పు నన్ను ఆపకుండా మెషీన్ కోడ్‌ను మెమరీలో పై 32 కేబీలోకి మార్చాడు. ఎల్‌డీఐఆర్ అనే ఆదేశంతో ఒక్క బైటు కదలడానికి 21 టిక్కులు. పుష్ అనే ఆదేశం 11 టిక్కుల్లోనే రెండు బైట్లు దించేస్తుంది. ఎనిమిదికి ఎనిమిది గడిలో నాకు రెండే రంగులు పడతాయి, ఎరుపు తెలుపు బొమ్మకు అవి చాలు. మీట నొక్కాడు. రెప్పపాటులో కొంగు బొమ్మతో తెర నిండింది.

అమ్మ కళ్లు విప్పార్చి చూసింది. చూసి, మళ్లీ ఆసు ముందుకు వెళ్లింది.

ఆ వెళ్లడం నేను మరిచిపోలేదు. నాలో ముందే చేసి పెట్టిన పనికి ఎవరికీ నొప్పి లేదు. మగ్గానికి ముందే చేసే పని మాత్రం ఆమె భుజం మీద పడింది. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి, నాలుగైదు గంటలు.

1999లో ఈ మండలంలోనే, శారాజీపేటలో, ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఆసు యంత్రం చేశాడు. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మా ఇంటికీ ఆ యంత్రం వచ్చేసరికి నేను అటకెక్కాను. ఒక పొద్దున కింద మోటారు తిరిగిన చప్పుడు వినబడింది. అటక చెక్కల సందులోంచి చూశాను. మేకుల చుట్టూ దారం దానంతటదే తిరుగుతోంది. అమ్మ పక్కన పీట వేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.