తుమ్మితే ఎగిరే చిప్పు

మామూలు ట్రాన్సిస్టర్‌కి ఓ పరువూ మర్యాదా ఉంటాయి. నల్లటి ఒళ్లు, మూడు కాళ్లు, వీపు మీద నంబరు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పొట్లం కట్టి చేతిలో పెడతారు. నేను మోజుపడ్డది ఈ జాతి కాదు. 10 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే గాలియం ఆర్సెనైడ్ చిప్పు. ఒంటి మీద నూలుపోగు లేకుండా వస్తుంది. పొడవూ వెడల్పూ అర మిల్లీమీటరు లోపు, మందం 0.1 మిల్లీమీటరు. దీని పక్కన ఆవగింజ గుమ్మడికాయ.

పాపం దాని బట్టలెందుకు ఊడదీశారంటే, ఆ వేగంలో కాళ్లే కాళ్లకు అడ్డం. సన్నని తీగ ఒక మిల్లీమీటరు ఉంటే సుమారు 1 నానోహెన్రీ. మామూలు రేడియోలో దాన్ని పట్టించుకునేవాడు లేడు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర అదే 63 ఓములై దారికడ్డంగా బైఠాయిస్తుంది. సోర్సును గ్రౌండుకు కలిపే తీగ పొడుగైతే మరీ ఘోరం, గెయిన్ అక్కడికక్కడే హరీ అంటుంది. కోట్లు పోసి కట్టిన ఫ్యాక్టరీలో సాధించిన వేగాన్ని వంటింటి బల్ల మీద మిల్లీమీటరు తీగతో నేను మట్టుబెట్టగలను. నాకున్న అధికారం ఆ ఒక్కటే.

అందుకని చిప్పును బోర్డు మీద పెట్టరు, బోర్డులోకి దించుతారు. బోర్డుకు కన్నం చేసి, కింద ఇత్తడి పలక అతికి, ఆ గుంటలో రాగిరేకు ముక్కతో చిన్న ఎత్తుపీట వేసి, దాని మీద చిప్పును వెండి కలిపిన ఎపాక్సీతో కూర్చోబెట్టాలి. చిప్పు నెత్తీ, ట్రాకు నెత్తీ ఒకే మట్టానికి రావాలి. అప్పుడే తీగ పొట్టిగా సరిపోతుంది. పట్టకారుతో పట్టుకుంటే చిప్పు కింద పడదు, అదృశ్యమవుతుంది. టూత్‌పిక్ కొనకు చిటికెడు మైనం రాసి, దానికి అంటించి ఎత్తడం మేలు.

ఇక వాతావరణం. మే నెల. ఫ్యాను వేస్తే చిప్పు ఎగిరిపోతుంది. వెయ్యకపోతే నేను పోతాను. గాలిలో తేమ లేకపోవడంతో స్టాటిక్ భయం ఒకటి. మన ఒంట్లో వేల వోల్టులు చేరినా మనకు చురుక్కుమనడమే, చిప్పు గేటుకు మాత్రం అంతిమయాత్ర. కాబట్టి మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకుని, మైక్రోస్కోపు మీదికి వంగి, ఊపిరి బిగపట్టి ఉంటాను. సరిగ్గా అప్పుడే మా అత్తగారు వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు పెడతారు.

తీగ సంగతి మా ఆవిడ చెవిన పడింది.

“బంగారం కొన్నారటగా?”

“తీగ. 25 మైక్రాన్లు. చిప్పుకీ బోర్డుకీ మధ్య కుట్టడానికి.”

“ఎంత తూగుతుందేమిటి?”

“మీటరుకి 10 మిల్లీగ్రాములు కూడా రాదు.”

ఆవిడ లెక్కల టీచరు. “అంటే తులానికి కిలోమీటరు పైనే,” అంది. “మెళ్లో వేసుకున్నది ఎదురింటావిడకి కనబడాలంటే మైక్రోస్కోపు కూడా కట్నంగా ఇవ్వాలి.”

ఈ తీగకు సోల్డరింగ్ పనికిరాదు. సన్నని మొనతో ఒత్తి, వేడిచేసి, అల్ట్రాసోనిక్ కంపనంతో రుద్ది అతికించాలి. గాలికి నల్లబడ్డ రాగి మీద అది అంటదు, ట్రాకులకూ బంగారు పూత కావాలి. పైగా ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి తీసిన ఫైబర్‌గ్లాస్ బోర్డు ఆ వేడికి మెత్తబడి కంపనాన్ని తానే మింగేస్తుంది. తీగ చక్కగా వంగి, నమస్కారం పెట్టి, లేచిపోతుంది.

ఎలాగో అన్నీ కుదిరి కరెంటిస్తే, ఆ చిప్పుతో కట్టిన ఆంప్లిఫయర్ పలికింది. దుమ్ము పడకుండా ఇత్తడి మూత బిగించగానే, ఎవరూ అడగకుండానే సొంతంగా సిగ్నల్ పాడటం మొదలెట్టింది. డబ్బా లోపలి ఖాళీయే రెజొనేటరై దానికి శ్రుతి వేస్తోంది. మూత లోపల మైక్రోవేవ్‌ను పీల్చే నల్ల స్పాంజి అంటిస్తే నోరు మూసింది.

మా బావమరిది వచ్చి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంతకీ ఇందులో ఏ ఛానల్ వస్తుంది బావా?”