నొక్కని అంకెలు: ఒక క్యాలిక్యులేటర్ ఆత్మకథ

నేను పన్నెండు అంకెల క్యాలిక్యులేటర్ని. నుదుటి మీద చిన్న సోలార్ పలక, కడుపులో బొత్తాం బ్యాటరీ, ఒక పక్కగా ‘ఎం ప్లస్’, ‘ఎం మైనస్’ మీటలు. కోఠీలో ఒక స్టేషనరీ దుకాణం నుంచి మమ్మల్ని డజన్ల లెక్కన కొనుక్కుపోయారు. నాతో పుట్టినవాళ్ళు ఏ బ్యాంకుకో, ఏ ఎరువుల కొట్టుకో చేరి ఉంటారు. నేను శంషాబాద్ చేరాను, రిసార్టు సభ్యత్వాల పేరుతో సెలవులు అమ్మే బల్ల మీదికి.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలివచ్చాయి. ఆ మరుసటి ఏడు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊరిని తాకుతూ పోయింది. జొన్న చేలు ప్లాట్లయ్యాయి, బెంగళూరు హైవే పొడుగునా హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. కార్గోలో, సెక్యూరిటీలో, క్యాటరింగ్‌లో, విమానాల మరమ్మతు షెడ్లలో కొలువులు దొరికిన కుటుంబాలు చుట్టుపక్కల కాలనీల్లో అద్దెకు దిగాయి. నెలజీతం, ఆర్జిత సెలవు అనే రెండింటినీ ఆ ఇళ్ళలో చాలామంది మొదటిసారి చూశారు. రోజూ నెత్తి మీదుగా విమానాలు పోతుంటే, మనమూ పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోవాలని ఏ తల్లిదండ్రులకు ఉండదు? ఆ ఆశ చాలా న్యాయమైనది. మా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళందరూ ఆ ఆశతోనే వచ్చారు.

వాళ్ళు వచ్చే దారి ఒకటే. పెట్రోలు బంకులోనో సూపర్ మార్కెట్‌లోనో ఎవరో ఒక కూపన్ నింపమంటారు. వారం తిరక్కుండా ఫోను వస్తుంది: ‘మీకు గిఫ్ట్ వోచర్ వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి, గంటన్నర చాలు.’ హాల్లో గుండ్రటి బల్లలు, గోడకు మంచుకొండల బొమ్మలు, గట్టిగా పాటలు. ఏ బల్ల దగ్గర సంతకం పడినా హాలంతా చప్పట్లు. ఈ ధర ఈ సాయంత్రం వరకే అంటారు. ఇంటికి పోయి ఆలోచించుకునే వీలు ఆ మాటతోనే పోతుంది.

నన్ను వాడిన కుర్రాడు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాడు. డిగ్రీ చదివాడు, మాట మెత్తన. వచ్చినవాళ్ళను ‘అన్నా, వదినా’ అని పిలిచి, మంచినీళ్ళిచ్చి, నన్ను వాళ్ళ వైపు తిప్పి లెక్క మొదలుపెట్టేవాడు. ‘నాలుగు లక్షలు కడితే ఇరవై అయిదేండ్లు, ఏటా ఏడు రాత్రులు.’ నాలుగు లక్షలను ఇరవై అయిదుతో, ఆ వచ్చినదాన్ని ఏడుతో భాగించేవాడు. 2,285 రూపాయల 71 పైసలు నా తెర మీద వెలిగేవి. ‘పోయినసారి ఊటీల రూముకు ఎంత కట్టిన్రు అన్నా?’ అని అడిగేవాడు. వాళ్ళు అయిదు వేలో ఆరు వేలో చెప్పేవారు. తేడాను నూట డెబ్బై అయిదు రాత్రులతో గుణిస్తే లక్షలు కనిపించేవి. భార్య భర్త ముఖంలోకి చూసేది. భర్త పెన్ను అందుకునేవాడు.

ఆ భాగహారంలో తప్పు లేదు. కానీ కుటుంబం జేబులోంచి పోయే డబ్బులో సగానికి పైగా ఆ బల్ల దగ్గర నా మీద నొక్కనే లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ నొక్కని అంకెల గురించే.

ముందు అసలు అమ్మేదేమిటో చెప్పాలి. అమ్మకానికి చేరిన కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ వ్యాపారం పుట్టుక కూడా చెప్పేవారు. ఒకే సెలవు ఇంటిని చాలామంది వంతులవారీగా పంచుకునే ‘టైమ్‌షేర్’ పద్ధతి 1960లలో యూరప్‌లో మొదలైంది. స్విట్జర్లాండ్‌లో 1963లో హాపిమాగ్ అనే సంస్థ ఏర్పడింది. ఒక రిసార్టులో తమ వారాన్ని మరొకరి వారంతో మార్చుకునే ఏర్పాటుగా 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ వచ్చింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్ హాలిడేస్, 1996లో మహీంద్రా హాలిడేస్ ఈ రంగంలోకి దిగాయి. ఇరవై అయిదేళ్ళ సభ్యత్వం మన మధ్యతరగతికి ఎక్కువగా పరిచయమైంది మహీంద్రా హాలిడేస్ వారి క్లబ్ మహీంద్రా ద్వారానే. మన దగ్గర సాధారణంగా సభ్యుడికి వచ్చేది గదిని వాడుకునే హక్కు మాత్రమే. నేల మీద, గోడల మీద వాటా రాదు. ప్లాటు కాగితాల పక్కన బీరువాలో దాచుకున్నంత మాత్రాన అది ఆస్తి కాదు. గడువు తీరిన రోజున చేతిలో మిగిలేది ఏమీ ఉండదు.

కొన్నాళ్ళకు ఆ కుర్రాడు టార్గెట్ల ఒత్తిడి తట్టుకోలేక ఆ పని మానేసి కార్గోలో చేరాడు. నన్ను శంషాబాద్‌లోనే ఉండే వాళ్ళ అక్కకు ఇచ్చాడు. అక్క పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది. అంతకుముందు ఎవరూ ముట్టని నా ‘ఎం ప్లస్’ మీట ఆమె చేతిలో అరిగిపోయింది. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, వడ్డీ ఎంత, ఆలస్యానికి ఎంత? ప్రతి అంకెనూ జ్ఞాపకంలో వేసి చివరికి మొత్తం తీస్తుంది. అప్పు తీసుకున్న సొమ్ముకు వడ్డీ ఉన్నట్టే, ఒకచోట ఇరుక్కుపోయిన సొమ్ముకూ వడ్డీ ఉందని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఒక రోజు పక్క వీధి నుంచి ఒకామె ఫైలు పట్టుకుని వచ్చింది. భర్త విమానాల మరమ్మతు షెడ్డులో టెక్నీషియన్. ‘అక్కా, మెంబర్‌షిప్ తీసుకుని మూడు నాలుగేండ్లాయె. ఒక్కసారే పోయినం. మెయింటెనెన్స్ కట్టుమని ఫోన్ల మీద ఫోన్లు. లాభమో నష్టమో జెర లెక్క తీసి చెప్పు’ అంది.

అక్క ఫైలు చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నాలుగు లక్షల మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 72 వేలు. అసలు ధర 4,72,000. ఏటా మెయింటెనెన్స్ 18 వేలు, దాని మీద జీఎస్టీ కలిపితే 21,240. గదికి వెళ్ళినా, వెళ్ళకపోయినా కట్టాల్సిందే. ఆ 4,72,000 బ్యాంకులో ఏడు శాతానికి వేసి ఉంటే ఏడాదికి 33,040 వడ్డీ వచ్చేది, అసలు అలాగే ఉండేది. రెండూ కలిపి ఏటా 54,280. ఏడు రాత్రులూ వాడుకున్నా రాత్రికి 7,754 రూపాయలు. నాలుగే వాడుకుంటే 13,570. హాల్లో నా తెర మీద వెలిగిన 2,285 ఎక్కడ, ఇది ఎక్కడ! చేతిలో డబ్బు లేక రూపాయి పావలా వడ్డీకి ఈఎంఐ పెట్టుకున్న కుటుంబానికైతే ఇంకా భారం.

‘మరి రూముల కిరాయి ఊకె పెరుగుతది కద అక్కా? మనకు పాత ధరే అన్నరు’ అంది ఆమె. ఆ మాటలో నిజం ఉంది. ఈ సభ్యత్వాలకు అసలైన బలం అదే. అక్క దాన్ని కొట్టిపారేయలేదు. గది అద్దె ఏటా అయిదు శాతం పెరుగుతుందనుకుంది. అదే ఫైల్లో మెయింటెనెన్స్ కూడా పెంచవచ్చని రాసి ఉంది కాబట్టి దానికీ అయిదు శాతమే వేసింది. అలా వేస్తే నేటి 18 వేలు ఇరవై అయిదో ఏట 58 వేలు దాటుతుంది. ఏడు శాతం వడ్డీని కలుపుకుని, సంఘం పుస్తకంలో ఏడాదికో వరుస గీసి, పొద్దుగూకేదాకా నా మీటలు నొక్కింది. తేలింది ఇది: ఈ రోజు ఆరున్నర వేలకు పైగా అద్దె ఉన్న గదుల్లో, ఏటా ఏడు రాత్రులూ తప్పకుండా గడిపే కుటుంబానికి ఈ సభ్యత్వం డబ్బు మిగులుస్తుంది. అంతకు తక్కువ అద్దె గదులతో తృప్తిపడేవాళ్ళకు మిగల్చదు. ఏటా నాలుగు రాత్రులే గడిపేవాళ్ళకు లాభం రావాలంటే ఆ గది నేటి అద్దె పదకొండు వేలు దాటాలి.

ఇక్కడే శంషాబాద్ కుటుంబాల సంగతి వేరుగా నిలుస్తుంది. రిసార్టు గదులకు మంచి ధర ఉండేది దసరాకు, సంక్రాంతికి, వేసవి సెలవులకు. పిల్లలకు బడి ఉండనిదీ అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే విమానాశ్రయం కిటకిటలాడుతుంది, ఇంటాయనకు సెలవు దొరకదు. ఊరంతా విహారానికి పోవడానికి షిఫ్టుల్లో పనిచేసేవాడు పండగ సీజన్ సభ్యత్వానికి ఎక్కువ ధర కట్టి, దాన్ని వాడుకోలేడు. సీజన్ కాని రోజుల్లో పోదామంటే అప్పుడు గదులు ఎవరికైనా చవకగానే దొరుకుతాయి, దానికి సభ్యత్వం అక్కర్లేదు. పైగా పండగ గదులు నెలల ముందే నిండిపోతాయి. వచ్చే నెల డ్యూటీ చార్టే తెలియని మనిషి వచ్చే ఏడాది గదిని ఎలా బుక్ చేస్తాడు?

మన ఇళ్ళ ప్రయాణాల తీరు కూడా చూడాలి. ఉన్న కొద్ది సెలవులు బతుకమ్మకు పుట్టింటికి, మేనమామ ఇంటి పెళ్ళికి, తిరుమల మొక్కుకు పోతాయి. వాటిలో దేనికీ ఈ సభ్యత్వం పనికిరాదు. తిరుమలలో దేవస్థానం గదులున్నాయి. రెండు రోజులు గాలి మార్పు కావాలంటే వికారాబాద్ పక్కన అనంతగిరి ఉంది, నాగార్జునసాగర్ ఉంది, పర్యాటక శాఖ హరిత హోటళ్ళున్నాయి. దూరం పోదలిస్తే విమానం టికెట్లు, ట్యాక్సీ, రిసార్టులో తిండి ఖర్చు సభ్యత్వంలోకి రావు. ఉద్యోగులకిచ్చే ఎల్‌టీసీ పన్ను మినహాయింపు కూడా ప్రయాణ చార్జీలకే గాని గది అద్దెకు వర్తించదు.

అయితే ఇది అందరికీ నష్టమని నేను చెప్పను. రిటైరైన దంపతులు, వేసవి సెలవులు ఖాయంగా ఉండే ఉపాధ్యాయుల జంట, ఏటా కొండ ప్రాంతానికి పోయి వారం గడపడం అలవాటున్నవాళ్ళు, వంటగది ఉన్న పెద్ద గదిలో అమ్మమ్మా తాతయ్యలతో కలిసి ఉండాలనుకునేవాళ్ళు దీన్ని చక్కగా వాడుకోగలరు. ఏటా వెళ్ళితీరాలన్న పట్టు వల్లనే సెలవు తీసుకునే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళు డబ్బు మిగిలిందని కాకపోయినా, కలిసి గడిపామని సంతోషిస్తారు. ఆ సంతోషం కొనుక్కోదగినదే. పొదుపు అనే పేరుతో దాన్ని అమ్మడమే అన్యాయం.

పక్క వీధి ఆమెకు అక్క చెప్పిన సలహా నాకు మరీ నచ్చింది. ‘కట్టిన నాలుగు లక్షల డెబ్బై రెండు వేలను మరిచిపో. అది తిరిగి రాదు. ఇగ ముందు లెక్క చూడు. ఏటా 21,240 కట్టి ఏడు రాత్రులుంటే రాత్రికి 3,034 పడుతది. అది బయట కిరాయి కంటే తక్కువనే. మీ ఆయనకు వానకాలంల సెలవు ఇస్తరు కద, అప్పుడు పోయి రాండ్రి. వాడని రాత్రులు వచ్చే ఏటికి కలుస్తయో లేదో రాతపూర్వకంగ అడుగు. పోయే ఉద్దేశమే లేకుంటే మాత్రం, ఒప్పందంల సరెండర్ షరతు చదివి, దాని ప్రకారం వదిలించుకో. పోకుండ కట్టుడు మాత్రం వద్దు.’ ఇప్పటికే సభ్యులైన వేలమందికి ఇంతకంటే మేలైన మాట నాకు తెలియదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2008లో చేసిన నిబంధన ప్రకారం అక్కడ టైమ్‌షేర్ కొన్నవాళ్ళు పద్నాలుగు రోజుల్లోగా కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ గడువు ముగిసేదాకా అమ్మేవాడు అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. మన దేశంలో టైమ్‌షేర్ల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. సంస్థ తనంతట తాను ఇచ్చే కొద్ది రోజుల గడువే దిక్కు. అది ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, సంతకం పెట్టిన రాత్రే వెతుక్కోవాలి. 2020 జూలై నుంచి అమలైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం మనకు అండగా ఉంది. కొన్నవాళ్ళు తాము నివసించే జిల్లాలోనే, అంటే శంషాబాద్ వాళ్ళు రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. మరీ ఏకపక్షంగా ఉన్న ఒప్పందాన్ని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

యూరప్‌లో ఉన్న ఆ పద్నాలుగు రోజుల గడువు మన దగ్గరా చట్టమై రావాలి. చప్పట్ల మధ్య పెట్టిన సంతకాన్ని ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని మళ్ళీ చూసుకునే హక్కు ప్రతి కుటుంబానికీ ఉండాలి. అది వచ్చేదాకా, అమ్మా, అయ్యా, మీరే ఆ గడువును ఇచ్చుకోండి. ఈ సాయంత్రం వరకే అన్న ధరకు ఆ సాయంత్రం సంతకం పెట్టకండి. ఒప్పందం కాపీ ఇంటికి తెచ్చుకోండి. పన్ను, ఏటేటా పెరిగే మెయింటెనెన్స్, పోయే వడ్డీ, గత అయిదేళ్ళలో మీరు నిజంగా బయట గడిపిన రాత్రులు, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. మీ ఇంట్లో నాలాంటిది లేకపోతే ఫోన్లో ఉంటుంది. ఆ అంకెలన్నీ నొక్కాక కూడా లాభమే కనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి. కనిపించకపోతే ఆ డబ్బు బ్యాంకులో ఉంచి, సెలవు దొరికిన రోజున, మీకు నచ్చిన చోటికి, అద్దె గదికే పిల్లల్ని తీసుకుని వెళ్ళండి.