అమృతాంజనం సీసా ఆత్మకథ

నా వంశం గొప్పదే. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మా అమృతాంజనాన్ని మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారు. 1908లో ఆయనే ఆంధ్రపత్రిక పెట్టారు. పత్రిక ఆగిపోయింది, మేము మాత్రం ఇంకా ఇంటింటా ఉన్నాం. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం లాంటివి నా సరుకు. కణతకు రాస్తే చల్లగా తగులుతాను, నొప్పి మీది ధ్యాసను కాసేపు మళ్ళిస్తాను. అంతకు మించి నాకు చేతకాదు. ధర్మవరంలో నన్ను కొన్న ఇంటివాళ్ళకు ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

అది నేతగాళ్ళ ఇల్లు. ఉన్న ఒక్క గదిలోనే గుంత మగ్గం, పైన జకార్డు, దాని అట్టలు. నాయన కాలితో తొక్కినప్పుడల్లా టకటక. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన పిల్లకు ఇరవయ్యో ఏట అదే పగైంది. ఒక పక్క కణత అదిరిపోయేది. వెలుతురు ఓర్చుకోలేక, జరీ మెరుపు కూడా చూడలేక కొంగు కప్పుకుని పడుకునేది. వాంతి అయితే కాస్త నెమ్మది. నాయన మగ్గం ఆపేవాడు. మగ్గం ఆగితే కూలీ ఆగుతుందని ఆ పిల్లకు తెలుసు. "ఏం కాలేదు నాయనా, నువ్వు నేసుకో" అనేది. అవ్వ నన్ను రుద్ది, మిరపకాయలతో దిష్టి తీసేది.

హిందూపురంలో డిగ్రీ. పొద్దున ఏమీ తినకుండానే రైలుకు పరుగు. పెనుకొండ రాకముందే కిటికీలోంచి ఎండ మొహాన కొట్టేది, బ్యాగులోంచి నేను బయటికి వచ్చేదాన్ని. అమ్మ ఆ పెనుకొండలోనే బాబయ్య దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. నేనేమీ అనను, నా మీద పెట్టుకున్న నమ్మకమూ అలాంటిదే. తర్వాత కళ్ళద్దాలు వచ్చాయి. ఆపైన మెడికల్ షాపు మాత్రలు, దాదాపు రోజూ. డాక్టరు మాట ఎత్తితే మాత్రం మేనత్త అడ్డుపడేది: "నరాల డాక్టరు కాడికి పోయినారని తెలిస్తే సంబంధాలు వస్తాయా?" ఇన్ని చోట్లకు తిప్పింది నొప్పి కాదు, ఆ భయమే.

ఒకరోజు కాలేజీలో కూలబడితే స్నేహితురాళ్ళే హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మానాయనలు పరుగున వచ్చారు.

"నెలలో ఎన్ని రోజులు వస్తుందమ్మా?"

"వస్తానే ఉంటాది మేడం."

"అలా కాదు. ఎన్ని గంటలు? ఏ పక్క? నెలసరి ముందు ఎక్కువా? మాత్రలు ఎన్ని మింగుతున్నావ్?"

ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనేసరికి అమ్మ తలవంచుకుంది. "నాకూ ఉండేది. ఎవురికీ చెప్పలేదు." ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. బీపీ చూసింది, చేతులూ కాళ్ళూ నడకా చూసింది, లైటున్న పరికరంతో కంటి వెనుక నరం వాచిందేమో చూసింది. "స్కానింగ్ రాయండి మేడం" అని నాయన బతిమాలితే, ఇప్పుడు అక్కర్లేదంది. మైగ్రేన్. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండే నొప్పి. పైగా, నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలపాటు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయట! నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు రాసి, నొప్పి వచ్చిన తేదీలు నోటుబుక్కులో పెట్టమంది. వేళకు తిండి, నిద్ర. గుణం తెలియడానికి వారాలు పడుతుందని ముందే చెప్పింది.

నొప్పి పోలేదు, అరుదైంది. మగ్గం నడుస్తోంది. నన్ను ఇప్పుడు అవ్వ మోకాళ్ళకు వాడుతోంది.

చదివే అమ్మల్లారా, అయ్యల్లారా, మీ బిడ్డ నన్ను మాటిమాటికీ కొనమంటుంటే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి లేచినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా, కాలూ చెయ్యీ పడిపోయినా నా మూత తీయకండి. 108కి ఫోన్ చేయండి.